మా గుంటకి బడి వెతికిన ఏడు

మా అమ్మాయి ఇంట్లో నోరు మూయదు. కోడిపెట్టతో మాట్లాడుతుంది. పొయ్యిలో కర్ర చిటపటమంటే దానికి జవాబు చెబుతుంది. వాళ్ల నాన్న గడ్డం గీసుకుంటుంటే పక్కన నిలబడి ఎక్కడ ఇంకా మిగిలిపోయిందో చూపిస్తుంది. అదే పిల్ల బడి గేటు దగ్గరికి రాగానే బిగుసుకుపోతుంది. భుజాలు చెవుల దాకా లేస్తాయి. లోపలికి వెళ్లాక సాయంత్రం బయటికి వచ్చేదాకా మాట రాదు. అల్లరి చేసి మానేసిన మాట కాదది. రావాలని లోపల ఎంత తోసినా గొంతు దాటనిది.

ఇది విశాఖపట్నంలో మొదలైంది. అప్పుడు నేనక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. పిల్లని దగ్గర్లో ఉన్న ఇంగ్లీషు మీడియం బడిలో వేశాం. అప్పటిదాకా అనంతగిరి పైన మా అమ్మ దగ్గర పెరిగిన పిల్ల. మా కొండ భాషా, కాస్త తెలుగూ తప్ప ఏమీ తెలియవు. ఒకరోజు క్లాసులో ఒంటేలుకి వెళ్తానని అడిగిందట. ఇంగ్లీషులో అడిగితేనే పంపిస్తానని టీచరు అందట. ఆ ఇంగ్లీషు మాట రాక నిలబడి నిలబడి, అక్కడే గౌను తడుపుకుంది. తోటి పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. గౌను మార్చిన ఆయా గేటు దగ్గర నాకీ సంగతి చెప్పింది. మర్నాటి నుంచి పొద్దున్నే కడుపునొప్పి, వాంతి. బడిలో మాట పూర్తిగా పడిపోయింది.

ఏడాది తిరక్కుండానే అరకులో ఆసుపత్రిలో ఖాళీ ఉందని తెలిసి కొండెక్కి వచ్చేశాం. మా ఆయన కాఫీ పళ్లు కొనే కేంద్రంలో తూకం దగ్గర కుదిరాడు. పిల్లని అద్దింటికి దగ్గర్లో ఉన్న సర్కారు బడిలో చేర్చాను. అక్కడి మేడం విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. నేను జరిగిందంతా చెబుతుంటే మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. చివర్న మాత్రం అంది:

"సిస్టర్, నేను మీ గుంటని ఏటీ అడగను. ఒచ్చి కూసుంటే సాలు."

అన్నట్టే అడగలేదు. తలుపు పక్కన కూర్చోబెట్టింది. హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తితే చాలంది. ఒంటేలుకి వెళ్లాలంటే లేచి వెళ్లిపోవడమే. పద్యం అందరూ కలిసి చదివేటప్పుడు దీని పెదాలు కదులుతున్నాయా లేదా అని వెతికేది కాదు. రెండు వానాకాలాలు గడిచేసరికి వాంతులు ఆగిపోయాయి. మాట మాత్రం రాలేదని అనుకునేదాన్ని. అయినా పొద్దున్నే తన సంచీ తనే తగిలించుకుని నడిచేది. నాకదే పెద్ద సంగతి.

సరిగ్గా అప్పుడే ఐర్లాండ్ ఆసుపత్రి నుంచి ఉద్యోగం వచ్చింది. నర్సులకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఎప్పటినుంచో రాస్తున్నాను. పాసయ్యాక కూడా పిలుపు వస్తుందని గట్టి నమ్మకం లేదు. కాఫీ పళ్లు కోసే రోజులు. మా ఆయన చేతులంతా జిగురుతో ఇంటికొచ్చాడు. ఫోన్‌లో వచ్చింది చూపిస్తే అలాగే నిలబడిపోయాడు. భార్యాభర్తలం ఇద్దరం నవ్వుకుంటుంటే పిల్ల వచ్చి అడిగింది.

"అక్కడ బడుంటాదా?"

"ఉంటుందమ్మా. మంచి బడి."

 మర్నాడు పొద్దున్న అరుగు మీద కూర్చుని వాంతి చేసుకుంది. చాలాకాలం తరవాత అదే మొదలు.

ఆ వారమంతా నాకూ మా ఆయనకీ ఒకటే వాదన. అక్కడి బడివాళ్లకి ముందే చెప్పాలా, వద్దా?

"సెబితే ఏటవుద్దో తెలుసా?" అన్నాడు. "పిల్లలో లోపముందంటారు. వీసా దగ్గర ఎవడో పట్టుకుంటాడు. మనం ఎల్లడమే ఆగిపోద్ది. ఎల్లినాక మెల్లగా సెబుదాం."

మమ్మల్ని పంపించే ఏజెంటు కూడా ఫోన్‌లో అదే మాటన్నాడు. "అలాంటివి ఎందుకు మేడం రాయడం? పిల్లలు అక్కడికి వెళ్తే వాళ్లే సర్దుకుంటారు."

నేను వార్డులో పనిచేసే మనిషిని. షుగరుందన్న సంగతి దాచి ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లని చూశాను. పక్కనే ఉన్నవాళ్లు భయంతోనో సిగ్గుతోనో చెప్పకపోతే, మాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. మా అమ్మాయిని కూడా అలా, ఏమీ తెలియనివాళ్ల చేతుల్లో పెట్టి, ఇంకోసారి గౌను తడుపుకునే దాకా చూస్తూ ఉండలేను. ఆ మాటే మా ఆయనతో అన్నాను. ఆయన తూకం వేసే మనిషి కదా, చాలాసేపు లోపల తూచుకున్నట్టు కూర్చుని, "సరే, నువ్వే మాటాడు. నాను అడ్డు రాను" అన్నాడు.

మా అమ్మది మరో దారి. అనంతగిరి దగ్గర ఆమె ఊరికి వెళ్లి చెప్పినప్పుడు మిరియాల తీగలకి కట్లు కడుతోంది. చేతిలో పని ఆపలేదు.

"గుంటని నా కాడ ఒగ్గెయ్. ఇక్కడ దానికేటి తక్కువ? నాతో మాటాడతాది, మేకలతో మాటాడతాది. నువ్వు బేగి సంపాదించుకుని రా."

"అది లేకుండా నేనక్కడ ఎలా ఉంటానే?"

"నువ్వుండలేవని దాన్ని అంత దూరం లాక్కెళ్తావేటి?"

 ఇంటి వెనకాల నిలబడి నిజంగానే ఆలోచించాను. పిల్ల ఇక్కడ ఉంటే బాగుంటుందా? ఉంటుంది, కొన్నాళ్లు. తరవాత ఈ ఊరి బడికి వెళ్లాలి, అరకు మేడం ఉండదు. అక్కడ ఎవరు చెప్పాలి దీని సంగతి? మా అమ్మకి చదువు రాదు. నేను ఫోన్‌లో చెప్పాలి. పోనీ పిల్లనే అడుగుదామని అడిగాను. మేకపిల్ల చెవి పట్టుకుని, "నువ్వుంటే ఎల్తాను. కానీ బడికి ఎల్లను" అంది.

దీనికి జడుపు తగిలిందని మా అమ్మ ఎప్పటినుంచో అనేది. ఊళ్లో మంత్రం వేసే పెద్దాయన చేత తాడు కూడా కట్టించింది. నేను వద్దనలేదు. విశాఖలో పిల్లల మనసు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాను. రైల్లో ఒక్కో సొరంగం వచ్చినప్పుడల్లా మిగతా పిల్లలంతా కేకలు వేస్తుంటే, ఇది నా చీర కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరు పెద్దావిడ. పిల్లని మాట్లాడమనలేదు. తనూ నేల మీద కూర్చుని బొమ్మల ఇల్లు ముందు పెట్టింది. అది నా చెవిలో చెప్పడం, నేను పైకి చెప్పడం. అలా చాలాసేపు నడిచింది. చివర్న నాతో అంది: "మాటలు రాని పిల్ల కాదమ్మా ఇది. మొండితనం అసలే కాదు. కొన్ని చోట్ల భయం వచ్చి గొంతు పట్టేసుకుంటుంది. సెలెక్టివ్ మ్యూటిజం అంటాం. బలవంతం చేసే కొద్దీ బిగుస్తుంది. మీ టీచరు చేస్తున్నదే సరైన పని. కొత్త బడికి నేను రాసిస్తాను. కానీ కాగితం చదివి పక్కన పెట్టేసేవాళ్లు కూడా ఉంటారు. మీరు మనిషితో మాట్లాడాలి."

మా అమ్మ జడుపన్నది, డాక్టరు భయమన్నది. ఇద్దరూ ఒకటే చెబుతున్నారని నాకు కాస్త ధైర్యం వచ్చింది.

అక్కడి నుంచి బళ్లు వెతకడం మొదలైంది. నేను పనిచేయబోయే ఊళ్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న బళ్లన్నిటికీ ఈమెయిల్ పెట్టాను. మా వీధిలో సిగ్నల్ నిలవదు. డ్యూటీ అయ్యాక ఆసుపత్రి మేడ మీదికెక్కి పంపేదాన్ని. మీ ఇంటి అడ్రసు చెబితే గాని చేర్చుకోలేమని బళ్లవాళ్లు. మీరు వచ్చి చూస్తే గాని ఇల్లివ్వమని ఇళ్లవాళ్లు. ఒక బడిలో సీట్లు నిండిపోయాయి. ఇంకో బడి నుంచి చాలా ప్రేమగా జవాబొచ్చింది. పిల్లలు కొత్త భాష ఇట్టే నేర్చుకుంటారని, దిగులు పడొద్దని. నేను రాసింది చదవలేదని అర్థమైంది. భాష కాదండీ, భయం అని మళ్లీ రాశాను. జవాబు రాలేదు.

ఆసుపత్రికి బస్సులో గంటసేపు దూరంలో ఉన్న చిన్న ఊరి బడి నుంచి మాత్రం, హెడ్‌మాస్టరుగా ఉన్న ఆవిడ రెండే రెండు ప్రశ్నలు వేసింది. 'ఇప్పుడు చదువుతున్న బడిలో మీ అమ్మాయికి ఏది సాయపడుతోంది? ఆ టీచరుతో నేను మాట్లాడవచ్చా?'

మేడం దగ్గరికి పరుగెత్తాను.

"నాకు ఇంగ్లీషు సదవడం ఒచ్చుగానీ మాటాడ్డం రాదు సిస్టర్," అంది.

"నేను చెబుతాను కదా మేడం, అటు మాట ఇటు, ఇటు మాట అటు."

శివరాత్రి దాటాక ఒక సాయంత్రం, బడి వదిలేశాక, క్లాసులోనే బల్ల మీద నా ఫోన్ నిలబెట్టి వీడియోలో కూర్చున్నాం. వాళ్లకప్పుడు ఇంకా పొద్దుటి పూటే. పిల్లని బయట ఆడుకోమన్నాను.

ఆవిడ మెల్లగా, నాకు అర్థమయ్యేలా మాట్లాడింది. ఎక్కడ కూర్చుంటుంది, భోజనం అందరితో తింటుందా, ఎవరైనా ముట్టుకుంటే ఒప్పుకుంటుందా. మేడం చెప్పేది, నేను ఇంగ్లీషులో అనేదాన్ని. అప్పుడు ఆవిడ, "బడిలో అసలు మాట్లాడదా?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు కదా, అయినా మేడంని కూడా అడిగాను.

మేడం నావైపు చూసి, "మాటాడతాది సిస్టర్" అంది.

నేను సరిగ్గా వినలేదనుకున్నాను.

"మధ్యాన్నం బువ్వలయ్యాక కుళాయి కాడ పళ్లాలు కడుక్కుంటారు కదా. అక్కడ ఒక గుంటతో మాటాడతాది. మీ బాసలోనే, మెల్లగా. సలికాలం మొదలైన కాడ్నించీ. నేను ఇన్నానని తెలిస్తే మానేస్తాదని ఆ ఏళకి అటు పోను. వంటామెని కూడా పోవద్దన్నాను."

"నాకు చెప్పలేదేం మేడం?"

"సెబితే మీరు ఆత్రంకొద్దీ దాన్ని అడుగుతారు. ఏటి మాటాడేవు, ఎవుల్తో మాటాడేవు అని. తల్లి కదా, ఉండబట్టదు. మీరడిగితే అది ఆగిపోద్ది. కోపమొద్దు సిస్టర్."

కోపం కాదు.  ఇన్నాళ్లూ ఈ బడి గోడ వెనక నా బిడ్డ మాట ఉంది. దాన్ని బెదరనివ్వకుండా ఈ మనిషి ఆ పక్కకి పోవడం మానేసింది. అవతల ఆవిడ ఫోన్ తెగిందేమో అనుకుని, "వినిపిస్తోందా?" అంటోంది. కళ్లు తుడుచుకుని, వచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పాను.

ఆవిడ మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

"అయితే మా బడిలో అలాంటి చోటు ఎక్కడుందో చూడాలి," అని లేచింది. ల్యాప్‌టాప్ పట్టుకునే నడిచింది. పొడుగాటి వరండా, గోడ నిండా కొక్కేలకి వేలాడే కోట్లు, కింద బురద బూట్లు. "పిల్లలు ఇక్కడ బూట్లు మార్చుకుంటారు. మాకు వాన ఎక్కువ, అందుకని చాలాసేపు ఉంటారు. పెద్దవాళ్లం ఎవరమూ ఇక్కడ నిలబడం. ఇది సరిపోతుందని మీ టీచరు అనుకుంటున్నారా?"

మేడం ఫోన్ దగ్గరికి వంగి చూసింది. "సరిపోద్దని సెప్పండి," అంది.

అప్పుడు నా మోచెయ్యి ఎవరో లాగారు. పిల్ల. కిటికీ కింద కూర్చుని ఉందట, ఎంత విన్నదో తెలియదు. ఫోన్ వైపు చూడకుండా నా చెవిలో మా భాషలో అంది: "ఒంటేలుకి ఎలా అడగాలో అడుగు."

అడిగాను. ఆవిడ నవ్వలేదు. "అడగక్కర్లేదు. తలుపు క్లాసులోనే ఉంది," అని తీసుకెళ్లి చూపించింది. "లోపల్నుంచి గడియ పడుతుందా?" అని ఇంకో గుసగుస. ఆవిడ లోపలికి వెళ్లి, తలుపేసుకుని, గడియ పడిన చప్పుడు వినిపించి, మళ్లీ తీసుకుని బయటికి వచ్చింది. పిల్ల ఫోన్‌కి దగ్గరగా వచ్చి చూసింది.

చివర్న ఆవిడ నాతో ఒక మాట దాచకుండా చెప్పింది. "పక్కన ఉండడానికి ప్రత్యేకంగా మనిషిని ఇప్పుడే ఇవ్వలేను. దానికి నిపుణులు చూడాలి, వాళ్ల కోసం చాలామంది వరసలో ఉన్నారు. ఏడాది పట్టొచ్చు. బలవంతం చేయకపోవడం మాత్రం మా చేతుల్లో ఉన్న పని." ఇవ్వలేనిది ఇవ్వలేనని చెప్పింది కాబట్టే మిగతాది నమ్మాను. ఆసుపత్రికి దూరమైనా ఆ ఊళ్లోనే ఇల్లు చూసుకున్నాం.

వానల్లో బయల్దేరాం. మా అమ్మ రోడ్డు దాకా వచ్చింది. పిల్ల తలమీద చెయ్యి పెట్టి ఏదో గొణిగింది. నన్ను మాత్రం పలకరించలేదు.

అక్కడ మొదటి రోజులు బాగా గడవలేదు. వాంతులు తిరిగొచ్చాయి. పెద్ద గేటు దగ్గర పిల్లల గుంపు చూసి నా కాళ్లు చుట్టేసుకుని నేల మీద కూర్చుండిపోయింది. రెండోరోజు నుంచి ఆవిడ మమ్మల్ని పక్క గేటు నుంచి, అందరికంటే ముందు రమ్మంది. ఎవరూ లేని క్లాసులోకి పిల్ల ముందుగా వెళ్లి కూర్చునేది, మిగతావాళ్లు ఒక్కొక్కరే తన దగ్గరికి వచ్చేవాళ్లు. దానితో కొంచెం నయమైంది. కోట్లు తగిలించే వరండాలో ఒక బ్రెజిల్ పిల్ల పక్కన బూట్లు మార్చుకోవడం మొదలైంది. ఆ పిల్లకీ ఇంగ్లీషు అంతంతే. ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో, నేను అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

చలికాలంలో ఒక దెబ్బ తగిలింది. క్లాసు టీచరు సెలవు పెడితే బదులుగా వచ్చినాయనకి ఎవరూ సంగతి చెప్పలేదు. పేరు పిలిచి, జవాబు చెప్పేదాకా అందర్నీ ఆగమన్నాడు. మంచిగానే అన్నాడట, నవ్వుతూనే. పిల్ల ఇంటికొచ్చి మాతో కూడా మాట్లాడలేదు. ఇంట్లో అది మౌనంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన గడ్డం గీసుకుంటూ కావాలనే ఒక పక్క వదిలేశాడు. చూసింది, ఏమీ అనలేదు. ఆయన బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాడు.

డ్యూటీ బట్టల్లోనే బడికి వెళ్లాను. ఏం జరిగిందో చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది, అయినా కూర్చుని మొత్తం చెప్పాను. హెడ్‌మాస్టరు ఆవిడ, తప్పు మాదేనంది. కొత్తగా వచ్చే ప్రతి టీచరుకీ క్లాసులోకి అడుగు పెట్టకముందే తనే చెబుతానంది, చెప్పింది కూడా. ఆ తర్వాత ఇంట్లో మాట తిరిగి రావడానికి ఒక వారం పట్టింది. బడిలో మళ్లీ మొదటికొచ్చి మొదలుపెట్టాం.

ఇప్పుడెలా ఉందంటే, హాజరుకి చెయ్యెత్తుతుంది. బ్రెజిల్ పిల్లతోనూ ఇంకో ఇద్దరితోనూ మాట్లాడుతుంది. క్లాసు టీచరు చెవిలో అప్పుడప్పుడు ఒక మాట చెబుతుంది. అందరి ముందూ ఇంకా రాదు. వస్తుందో రాదో నాకు తెలియదు. నిపుణుల పిలుపు కోసం ఇంకా వరసలోనే ఉన్నాం.

మొన్న ఒక ఆదివారం అరకు మేడంకి ఫోన్ చేశాను. బదిలీ అయిందట, సీలేరు వైపు. ఫోన్‌లో మాట వస్తూ పోతూ ఉంది.

"ఇక్కడ బడిలో ఇద్దరున్నారు సిస్టర్, మీ గుంటలాటోల్లే. ఒకడైతే తలే ఎత్తడు. అక్కడోళ్లు ఏటేటి సేస్తన్నారో సెప్పండి, నానూ సేసి సూస్తాను."

స్పీకర్ పెట్టి, కూరగాయలు తరుగుతూ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాను. కొత్త టీచర్లకి ముందే చెప్పడం, వరండా సంగతి. పిల్ల పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. నేను ఏదో వదిలేశానని దానికి కోపమొచ్చినట్టుంది.

"పక్క గేటు సంగతి సెప్పలేదేటి?" అంది గట్టిగా.

మేడం వినేలా పిల్ల నోరు విప్పడం అదే మొదటిసారి. 

"ఏ గేటమ్మా?" అంది మేడం, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే.

పిల్ల తల దించేసుకుని బఠానీలు ఒలవసాగింది. నేను కత్తి పక్కన పెట్టి, పక్క గేటు సంగతి మొదటి నుంచీ చెప్పాను.